శాంట్రో ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది, 38 వేలు ఎస్టిమేట్ ఇచ్చారు, చేయించాలా అమ్మేయాలా?

మౌలాలి_శాంట్రో:
అందరికీ నమస్తే. మాది నాన్న కొన్న 2009 శాంట్రో జింగ్, పెట్రోల్, 92 వేలు తిరిగింది, ఇప్పుడు నేనే ఆఫీసుకి వాడుతున్నా, మౌలాలి నుంచి మాదాపూర్. నెల రోజుల నుంచి ప్యారడైజ్ దగ్గరో బేగంపేట దగ్గరో ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఇరుక్కుంటే చాలు టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది, ఏసీ వేస్తే ఇంకా తొందరగా. ఏసీ ఆపేసి అద్దాలు దించుకుని పోతున్నా. కానీ మొన్న ఆదివారం ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కి శంషాబాద్ దాకా పోయొచ్చా, 90లో పోయినా ముల్లు అస్సలు కదల్లేదు.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి రేడియేటర్, వాటర్ పంప్, హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) మొత్తం మార్చాలి, 38 వేలు అవుతుందన్నారు. అమ్మేమో ఇంత పాతదానికి అంత డబ్బు ఎందుకురా, ఇచ్చేయ్ అంటోంది. 15 ఏళ్ళు దాటాక ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్ళకి రెన్యువల్ కూడా చేయించాం, 2029 దాకా ఉంది. నాకు అమ్మాలని లేదు, డ్రైవింగ్ నేర్చుకుంది దీని మీదే. ఏం చేయమంటారు?

కొంపల్లి_డీజిల్:
అమ్మేయ్ బ్రో. ఈరోజు రేడియేటర్, రేపు క్లచ్, ఎల్లుండి సస్పెన్షన్, పాత బండికి ఖర్చు ఆగదు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది, 2023 ఏప్రిల్ కంటే ముందు బళ్ళు చాలావరకు దానికోసం చేసినవి కావు. ఆ 38 వేలు కొత్త బండి డౌన్ పేమెంట్‌లో వేసుకో.

రాణిగంజ్_స్పేర్స్:
తమ్ముడూ ఆగు, తొందరపడకు. నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, ఓఆర్ఆర్ మీద ఎక్కదు, అంతే కదా? బండి స్పీడ్‌గా పోతుంటే ఎదురుగాలి దానంతటదే రేడియేటర్‌లోంచి పోయి చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఆగినప్పుడే ప్రాబ్లం వస్తుందంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. రేడియేటర్ లోపల జామ్ అయినా, హెడ్ గాస్కెట్ పోయినా ఇంజన్ మీద లోడ్ పడే హైవే మీదే ముందు బయటపడాలి, నీది ఉల్టా ఉంది. గాస్కెట్ పోతే సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ ఆగకుండా వస్తది, ఆయిల్ క్యాప్ తీస్తే లోపల పాలు కలిసినట్టు తెల్లగా ఉంటది, రేడియేటర్‌లో బుడగలు లేస్తయి. ఇవేవీ చూడకుండా గాస్కెట్ అన్నోళ్ళ దగ్గర 38 వేలు కాదు 3 వేలు కూడా పెట్టకు.

నువ్వే ఇంటి దగ్గర చూస్కో. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఏసీ వెయ్, కొద్దిసేపట్లో ముందర ఫ్యాన్ గాలి తెలియాలి. తర్వాత ఏసీ ఆపేసి ఐడిల్‌లో వదిలెయ్, ముల్లు సగం దగ్గరికి వచ్చేసరికి ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడు, అవి బాగుంటే మెకానిక్‌తో ఫ్యాన్ వైర్లు డైరెక్ట్‌గా బ్యాటరీకి పెట్టించు, అప్పుడు తిరిగితే మోటర్ మంచిదే, సెన్సరో వైరింగో అన్నట్టు, తిరగకపోతే మోటర్ పోయింది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయకు, ప్రెజర్‌తో నీళ్ళు మొహం మీదికి చిమ్ముతయి, నా దగ్గర పనిచేసే పిల్లగానికి చెయ్యంతా బొబ్బలెక్కినయి, అప్పటినుంచి నేనే ముందు చెయ్యి పెట్టి చూసి తీస్తా.

ఇంకొకటి, లోపల ఏం పోస్తున్నవ్? కూలంటా, బోరు నీళ్ళా? మన హైదరాబాద్ బోరు నీళ్ళు పోస్తే కుండకి తెల్లగా గార పట్టినట్టే లోపల గొట్టాలకి పడతది. నీళ్ళు తక్కువైతే చాలు బాటిల్లో నీళ్ళు పోసి పంపేటోళ్ళని నేను రోజూ చూస్తున్నా, మనసు చివుక్కుమంటది.

అల్వాల్_ఎస్టీమ్:
రాణిగంజ్ అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను ఇంకోటి కలుపుతా, థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, ఉందో లేదో చూపించండి. ఇక్కడి ఎండలకి అవసరం లేదని చెప్పి తీసి పడేసే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు, నా ఎస్టీమ్‌కి అలాగే తీసేశారు, నాకు రెండేళ్ళు తెలియనే లేదు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, చల్లగా నడిచినంతసేపూ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల కూడా ఎక్కువ. తిరిగి వేయించాక చలికాలంలో పొద్దున్నే బండి మెత్తగా నడవడం నాకే తెలిసింది.

కొంపల్లి గారూ, ఈ20 మాట నిజమే, మైలేజ్ కొంచెం తగ్గింది, నేను ఫ్యూయల్ పైపులు, ఓ రింగులు ముందుజాగ్రత్తగా మార్పించుకున్నా, బండిని వారాల తరబడి కదపకుండా పెట్టను ఎందుకంటే ఇథనాల్ తేమని పీలుస్తుంది. కానీ దానికోసం బండి అమ్మాలంటే నేను ఒప్పుకోను. నాది 2006 మోడల్, ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు డాష్‌బోర్డ్ పుస్తకంలో రాస్తా, మొన్న శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగింది, ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. వయసుని బట్టి బండి చెడిపోదు, ఎవరూ పట్టించుకోకపోతే చెడిపోతుంది, ఇది నేను గట్టిగా నమ్ముతా.

మౌలాలి_శాంట్రో:
అన్నా, థాంక్యూ వెరీ మచ్. ఈరోజు పొద్దున చేసి చూశా. ఏసీ వేసినా ఫ్యాన్ తిరగలేదు. ఫ్యూజు మంచిదే. మా సందు చివర ఉన్న ఉస్తాద్ దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళా, ఆయన వైర్లు డైరెక్ట్ పెట్టాడు, తిరగలేదు, స్క్రూడ్రైవర్ పిడితో మోటర్ మీద మెల్లగా తట్టాడు, ఒక్కసారి గిర్రున తిరిగి మళ్ళీ ఆగిపోయింది. లోపల మోటర్‌కి కరెంటు అందించే కార్బన్లు అరిగి అయిపోయాయట. అల్వాల్ అన్న చెప్పిన థర్మోస్టాట్ కూడా చూపించమన్నా, హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ, ఏమీ లేదు. రేడియేటర్ కింద ప్లగ్ తీస్తే వచ్చిన నీళ్ళు చూసి నాకు భయమేసింది అన్నా, ఎర్రగా తుప్పు రంగులో, అడుగున ఇసకలాగా.

రాణిగంజ్ వెళ్ళి మోటర్ తెచ్చా, థర్మోస్టాట్, దాని గాస్కెట్, కూలంట్, లేబర్ అన్నీ కలిపి 4,600 అయింది. సాయంత్రం కావాలనే ఏసీ వేసుకుని ఆఫీసు టైములో బేగంపేట మీదుగా వచ్చా. ముల్లు సగానికి ఎక్కింది, ఫ్యాన్ సౌండ్ వినిపించింది, ముల్లు అక్కడే ఆగింది. అమ్మకి ఫోన్ చేసి చెప్పా.

కొంపల్లి_డీజిల్:
మంచి పని చేశావ్ బ్రో, నేనే తొందరపడి చెప్పా. పాత మోటర్ పడేయకు, కార్బన్లు వేయించి స్పేర్‌గా పెట్టుకో.

రాణిగంజ్_స్పేర్స్:
సంతోషం తమ్ముడూ. ఆ తుప్పు నీళ్ళు ఒక్క ఫ్లష్‌కి పోవు, నెల తర్వాత మళ్ళీ ఒకసారి కడిగించి కొత్త కూలంట్ పోయించు, రెడీ మిక్స్ అయితే నేరుగా పోసుకో, కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, ఆకుపచ్చది ఎర్రది కలపొద్దు.

ఇప్పుడు అసలు ముఖ్యమైంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్పించారు? ఇంజన్ లోపల వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా టైముకి కదిలేట్టు చేసేది అదే, మీ ఇంజన్‌కి చైన్ లేదు, రబ్బరు బెల్టే. నడుస్తుండగా అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతయి, అప్పుడు హెడ్ నిజంగానే దించాల్సి వస్తది. కిలోమీటర్లు తక్కువే కదా అని ఊరుకోకు, రబ్బరు ఏళ్ళు గడిచినా గట్టిపడి పగుళ్ళు తేలతది.

మౌలాలి_శాంట్రో:
నాన్నని అడిగా అన్నా, 2015లో ఒకసారి మార్పించారట, అప్పటికి 48 వేల కిలోమీటర్లు. అంటే పదేళ్ళు దాటిపోయింది. ఉస్తాద్‌తో మాట్లాడా, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడు, బెల్ట్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ కూడా మారుద్దాం అన్నాడు. అప్పటిదాకా బండి తీయను, మెట్రోలో పోతా. పాత బెల్ట్ ఫోటో పెడతా.