మామునూరు దిక్కు ప్లాటు: అమ్ముదామా, ఆగుదామా?

అన్నలూ, 2021 డిసెంబర్ల వరంగల్ దగ్గరి మామునూరు అవతల 200 గజాలు కొన్న, గజం 9 వేలు. 2025 ఫిబ్రవరిల ఎయిర్‌పోర్టుకు కేంద్రం ఓకే అన్నకాడికెళ్లి ఏజెంటు ఒకటే ఫోన్లు: 12 వేలకు పార్టీ ఉన్నదట. 6 లక్షల లాభమేనా? మొన్న పోయి చూస్తే సర్కారు తుమ్మ నడుమెత్తు మొలిచింది, హద్దురాయి మీద నంబరు చెరిగిపోయింది.

— తమ్మీ, రిజిస్ట్రేషన్ మరిచినవా? 18 లక్షలకు 7.5 శాతం, లక్షా 35 వేలు. పైసలు నీయేనా, అప్పా?

— 6 లక్షలు రూపాయి వడ్డీకి తెచ్చిన అన్నా.

— మరి నెలకు 6 వేలు. నాలుగేండ్లకు 2 లక్షల 88 వేలు. ఏజెంటుకు ఒక శాతం, 24 వేలు. మిగిలేది లక్షన్నర! (నా మడికొండ ప్లాటు కథా గిదే, ఇంట్ల ఇంకా చెప్పలే.) ట్యాక్సు వేరే. 2024 జూలై 23కు ముందు కొన్నది గాబట్టి 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ధరను ధరల పెరుగుదల లెక్కన పెంచి చూసుడు) 20 శాతమా, ఏది తక్కువో ఆడిటరుతో లెక్క కట్టించు.

— లేఅవుటుకు ‘కుడా’ (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) పర్మిషన్ ఉన్నదా? లేకుంటే ఎల్ఆర్ఎస్ (పర్మిషన్ లేని లేఅవుటును క్రమబద్ధం చేసే స్కీము) ఖర్చు కొనేటోడు నీ రేట్లనే కోస్తడు. ఈసీ (ప్లాటు మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాయితం) కూడా కొత్తది తీయి.

— పర్మిషన్ ఉన్నదన్నా. ఆదివారం గొడ్డలి, పెయింటు డబ్బా పట్టుకొని పోత.