రోజుకి 20 పదాలు బట్టీ పడితే ఇంగ్లీషు వస్తుందా?

సాయంత్రం మాష్టారు:

నేను పై తరగతుల పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను. వాళ్లలో ఒకడు బాగా కష్టపడే రకం. ఎక్కడో దొరికిన కష్టమైన పదాల లిస్టు ఒకటి పట్టుకుని రోజుకి 20 చొప్పున బట్టీ వేస్తున్నాడు. ఎడమ పక్క ఇంగ్లీషు పదం, కుడి పక్క ఒక్క తెలుగు మాట. అడిగితే గడగడా అప్పజెప్తాడు.

మొన్న నచ్చిన టీచర్ గురించి వ్యాసం రాయమన్నాను. మొదటి వాక్యం ఇది: 'మై టీచర్ ఈజ్ నొటోరియస్ ఫర్ హర్ టీచింగ్.' నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లిస్టు తెప్పించి చూశాను. నొటోరియస్ పక్కన 'పేరుమోసిన' అని ఉంది. తప్పు కాదు మరి! కాకపోతే మనం పేరుమోసిన దొంగ అంటాం, పేరుమోసిన డాక్టర్ అనీ అంటాం. ఇంగ్లీషులో ఆ పదం దొంగకే పోతుంది, డాక్టర్‌కి అంటితే పరువు నష్టం. రెండు వాక్యాల తర్వాత 'షి ఈజ్ యుబిక్విటస్ ఇన్ ద క్లాస్‌రూమ్' అని రాశాడు. 'అంతటా ఉండేది' అని చదువుకున్నాడట. టీచర్‌ని సర్వాంతర్యామిని చేసేశాడు.

ఈ లిస్టులు మాన్పించేద్దామని నా ఉద్దేశం. చదవడం ఒక్కటే దారి అనిపిస్తోంది. మీరేమంటారు?

జాబితా బ్రహ్మ:

మాష్టారూ, తప్పు లిస్టుది కాదు, పక్కన ఒక్క మాట రాసి వదిలేసినవాడిది. దానికి లిస్టునే తీసి పారేస్తానంటే ఎలా?

కాస్త లెక్క చూద్దాం. పాల్ నేషన్ అనే ఆయన పదజాలం మీదే జీవితమంతా పనిచేసిన భాషావేత్త. మామూలు నవల, పత్రిక ఎవరి సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలని 2006లో ఆయన లెక్క తేల్చాడు. కుటుంబం అంటే డిసైడ్, డిసైడెడ్, డిసైడింగ్ లాంటివన్నీ కలిపి ఒకటి. అన్ని వేల పదాలు ఊరికే చదువుతూ పోతే వాటంతట అవే వచ్చి ఒళ్లో వాలవు. అరుదైన పదం ఒకసారి కనిపించాక మళ్లీ కనిపించేసరికి ఎన్నో పేజీలు దాటిపోతాయి. ఈలోపు మొదటిది మర్చిపోతాం. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు వేల కొద్దీ బట్టీ పట్టి మరీ.

ఆ జారుడుకి అడ్డం వేసేది కార్డుల పద్ధతి. సెబాస్టియన్ లైట్నర్ 1972లో రాసిన పెట్టె పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. కార్డుకి ఒక పక్క పదం, రెండో పక్క అర్థం. చెప్పగలిగితే కార్డు వెనక అరలోకి పోతుంది, అంటే ఇక ఆలస్యంగా చూస్తాం. తప్పితే మళ్లీ మొదటి అరకి. ఇప్పుడు ఫోన్లో ఆంకీ లాంటి యాప్‌లు చేసేది ఇంచుమించు ఇదే.

ఇంకో మాట. లిస్టుని పదిసార్లు చదువుకోవడం వేరు, అర్థం మూసేసి మనల్ని మనం అడుక్కోవడం వేరు. 2008లో కార్పికే, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలకి 40 స్వాహిలీ పదాలు ఇంగ్లీషు అర్థాలతో నేర్పారు. పదం వచ్చేశాక కూడా పరీక్ష పెట్టుకుంటూ పోయినవాళ్లకి వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. పరీక్ష ఆపేసి ఊరికే చదువుకుంటూ పోయినవాళ్లకి మూడో వంతుకి కాస్త పైన. బట్టీ అంటే అందరికీ చులకనే గానీ, సరిగ్గా చేస్తే దాన్ని మించింది లేదు.

పేజీ తిప్పు:

నేను ఒక్క లిస్టు కూడా చూడకుండా ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇంటర్ సెలవుల్లో ఎవరో పడేసిన డిటెక్టివ్ నవలలు వరసగా చదివాను. ఆ రచయిత పాత్రలు ఏ పనీ ఊరికే చేయవు. 'రిలక్టెంట్‌లీ' తలుపు తీస్తారు, 'రిలక్టెంట్‌లీ' నిజం ఒప్పుకుంటారు. నాలుగు పేజీలకోసారి ఆ మాట. డిక్షనరీ తీయలేదు. మూడో పుస్తకానికి అది నాదైపోయింది. ఇప్పటికీ దానికి తెలుగు చెప్పమంటే 'మనసొప్పక' అనాలా, 'అయిష్టంగా' అనాలా అని తడుముకుంటాను. కానీ ఎక్కడ వాడాలో మాత్రం ఎప్పుడూ తడుముకోను.

పదం తెలియడం అంటే నా దృష్టిలో అదీ. మాష్టారి కుర్రాడికి అర్థం నోటికి వచ్చు, పదం రాదు.

జాబితా బ్రహ్మ:

పేజీ తిప్పు గారూ, మీరు ఒడ్డుకి చేరారు కాబట్టి ఈత సులువే అంటున్నారు. మధ్యలో మునిగినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదండీ.

నేను పైన చెప్పిన 8,000 లెక్క వెనకున్న కొలత ఏంటంటే, పేజీలో 98 శాతం పదాలు తెలిసి ఉండాలి. అంటే 50 పదాలకి ఒక్కటి తెలియనిది. 300 పదాల పేజీలో ఆరు. దాన్ని భరించవచ్చు. అదే 95 శాతమే తెలిసినవాడికి పేజీకి 15 తెలియని పదాలు తగులుతాయి. వాడు కథ చదవడం లేదు, గతుకుల రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాడు. మూడో పేజీకి పుస్తకం మూసేస్తాడు. ముందు ఆ మూడు శాతం తేడా పూడ్చడానికి లిస్టు కావాలి.

సందర్భాన్ని బట్టి ఊహించుకోవచ్చు అంటారు. 'ఆమె ——గా నవ్వింది.' ఊహించండి. తియ్యగానా, వెటకారంగానా, బలవంతంగానా, పిచ్చిగానా? అన్నీ సరిపోతాయి.

ఉపసర్గ:

ఇద్దరూ మధ్యలో ఉన్న దారి వదిలేశారు. ధాతువులు నేర్పండి. 'స్పెక్ట్' అంటే లాటిన్‌లో చూడటం అని ఒక్కటి తెలిస్తే ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, ప్రాస్పెక్ట్, రెట్రోస్పెక్ట్ అన్నీ ఒకే గుత్తిలో పడతాయి. ఒక్క దెబ్బకి డజను పదాలు. బట్టీ కూడా అక్కర్లేదు.

ఎర్రపెన్ను:

ఉపసర్గ గారూ, మీ పేరే మీకు ఎదురు సాక్ష్యం చెప్తోంది. హారానికి ముందు 'ప్ర' పెడితే ప్రహారం, దెబ్బ. 'వి' పెడితే విహారం, షికారు. 'సం' పెడితే సంహారం. 'ఆ' పెడితే తిండి. 'పరి' పెడితే నష్టపరిహారం దాకా వెళ్తుంది. ధాతువు ఒక్కటే. అది తెలిసినంత మాత్రాన విహారానికీ సంహారానికీ తేడా ముందే కనిపెట్టగలరా? అన్నీ తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే అందంగా కనిపిస్తుంది, అంతే.

ఇంగ్లీషులోనూ అదే కథ. 'ఇన్' అంటే కాదు అని నేర్చుకున్నవాడు 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉన్న డబ్బా చూసి ఇది అంటుకోదులే అనుకుంటాడు. అది భగ్గుమనే సరుకు! ఈ పొరపాటు ప్రమాదమనే, హెచ్చరిక బోర్డుల మీద 'ఫ్లేమబుల్' అనే రాయడం మొదలుపెట్టారు. 'ఎనర్వేట్' చూస్తే ఎనర్జీ ఇచ్చేదనిపిస్తుంది, అర్థం నీరసపరచడం. 'నాయిసమ్'లో నాయిస్ లేదు, కంపు ఉంది. ధాతువు గుర్తుంచుకోవడానికి కొక్కెంలా పనికొస్తుంది. అర్థం కనిపెట్టడానికి దాన్ని నమ్ముకుంటే మునుగుతాం.

ఉపసర్గ:

కొక్కెం అన్నారు కదా, అది చాలు నాకు. ఇన్‌ఫ్లేమబుల్ మాత్రం అందరూ చూపించే ఉదాహరణే. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, దారికి వచ్చేవి వందల్లో ఉంటాయి.

మూడు నెలలే:

అన్నలూ అక్కలూ, నాకు మూడు నెలల్లో జీఆర్ఈ ఉంది, పై చదువులకి విదేశాలు వెళ్లాలంటే రాసే పరీక్ష. నవలలు చదివే టైమ్ లేదు. సీనియర్ ఒకాయన తన పాత లిస్టు ఇచ్చాడు, 3,500 పదాలు. తల్చుకుంటేనే టెన్షన్. చదవమంటారా వద్దా?

ఎర్రపెన్ను:

తమ్ముడూ, ఆ లిస్టు ఎప్పటిదో ముందు అడుగు. 2011 ఆగస్టులో జీఆర్ఈ మారింది. ఒక పదం ఇచ్చి దానికి వ్యతిరేకపదం అడిగే ప్రశ్నలూ, ఈ పదానికి ఆ పదం ఎలాగో ఆ పదానికి ఏది అనే ఎనాలజీలూ తీసేశారు. ఒంటరి పదాల లిస్టులు ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ ప్రశ్నలకే. ఇప్పుడు వాక్యంలోనో పేరాలోనో ఖాళీలు ఇచ్చి సరిపోయే పదం పెట్టమంటారు. పదాలు ఇప్పటికీ కష్టమైనవే, కాబట్టి లిస్టు పూర్తిగా పారెయ్యకు. కానీ 'అయినప్పటికీ', 'పైగా' లాంటి మలుపు ఎక్కడుందో పట్టుకోలేకపోతే 3,500 వచ్చినా ఖాళీ నిండదు. లిస్టులో తరచుగా వచ్చే ఏ వెయ్యో తీసుకుని, ఒక్కోదానికి ఒక వాక్యం పక్కన పెట్టుకుని, జాబితా బ్రహ్మ గారి పెట్టెలో వేసుకో.

ఇక అసలు విషయానికి వస్తాను. నా ఉద్యోగం ఇంగ్లీషు వ్యాసాలు దిద్దడం. పై స్థాయి పదజాలం అంటే అరుదైన పదాలు అనే భ్రమ దగ్గరే అందరూ దారి తప్పుతున్నారు. 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషావేత్త అకడమిక్ వర్డ్ లిస్ట్ అని ఒకటి తయారుచేసింది. కాలేజీ పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు కుప్ప పోసి లెక్కపెట్టి, అతి మామూలు 2,000 పదాలు పక్కన పెడితే అన్ని శాస్త్రాల్లోనూ కనిపించేవి ఏరితే తేలింది 570 కుటుంబాలు. అకడమిక్ రచనల్లో దాదాపు పదో వంతు ఇవే. అందులో సర్వాంతర్యాములు ఎవరూ లేరు. ఎనలైజ్, కాన్సెప్ట్, అజ్యూమ్, సిగ్నిఫికెంట్, డిరైవ్. పిల్లలు 'ఇవి మాకు తెలుసులెండి' అని దాటేసేవే. నేను ఎర్రగీత పెట్టేదీ సరిగ్గా వీటి చుట్టూనే.

మన భాషలో గాలి వీస్తుంది, వాన కురుస్తుంది, పిడుగు పడుతుంది. ఎవరైనా 'రాత్రి పిడుగు కురిసింది' అంటే ఏ నియమం చూసి నవ్వుతాం? నియమం లేదు, ఆ రెండూ పక్కపక్కన కూర్చోవు అంతే. ఇంగ్లీషులో వాన 'హెవీ'గా పడుతుంది, 'స్ట్రాంగ్'గా పడదు. గాలి 'స్ట్రాంగ్'గా వీస్తుంది. 'కాజ్' అనే చిన్న పదం చూడండి. కారణమవడం అని అందరికీ తెలుసు. కానీ దాని పక్కన వచ్చేవి ప్రాబ్లమ్, డ్యామేజ్, డిలే. అన్నీ చెడ్డవే. 'దిస్ బుక్ కాజ్డ్ మై సక్సెస్' అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు, కానీ చదివేవాడికి పంటి కింద రాయి తగులుతుంది.

మూడు నెలలే:

మరి విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో పెద్ద పదాలు వాడితేనే మార్కులంటారుగా అక్కా?

ఎర్రపెన్ను:

రైటింగ్ మార్కుల్లో నాలుగో వంతు పదజాలానికే. అది నిజం. ఏడో బ్యాండ్ అంటే ఏడో స్థాయి మార్కు, దాని వివరణలో తక్కువగా వాడే పదాలు ఉండాలనే ఉంది. కానీ వాటి శైలి, పక్కపదాల మీద ఎరుక ఉండాలని ఆ వివరణలోనే ఉంది. కోచింగ్‌లో మొదటి సగమే చెప్తారు. ఇంకోటి, 2006లో డానియెల్ ఓపెన్‌హైమర్ అనే పరిశోధకుడు ఒకే రకం రచనలో మాటల్ని అనవసరంగా బరువెక్కించి చదివించి చూశాడు. రాసినవాడు తెలివైనవాడని ఎవరూ అనుకోలేదు, తెలివి తక్కువవాడని అనుకున్నారు. ఆ వ్యాసానికి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి.

పేజీ తిప్పు:

అంటే చివరికి నేను చెప్పిందే. పక్కన ఏ పదం కూర్చుంటుందో చదివితేనే తెలుస్తుంది.

జాబితా బ్రహ్మ:

కార్డు మీద రాసుకుంటే కూడా తెలుస్తుందండీ. 'హెవీ' అని కాదు, 'హెవీ రెయిన్' అని రాసుకోండి. ఒంటరి పదం రాసుకోవడం తప్పని మాత్రం ఒప్పుకుంటున్నాను, నేనూ మొదట్లో అలాగే చేశాను.

సాయంత్రం మాష్టారు:

మూడు వారాలైంది. లిస్టు మాన్పించలేదు, రోజుకి 20 కాస్తా 5 చేశాను. మొదట వాడు ఒప్పుకోలేదు, పక్కింటి అబ్బాయి 30 చేస్తున్నాడట. ఇప్పుడు కుడి పక్క తెలుగు మాట ఒక్కటే ఉండకూడదని షరతు. చదివిన దాంట్లోంచి ఒక వాక్యం ఎత్తి రాయాలి, దాని కింద ఆ పదం ఎవరి పక్కన కూర్చుంటుందో, ఎవరి పక్కన కూర్చోదో రాయాలి.

నిన్న నోట్సు చూశాను. నొటోరియస్ పేజీలో ఇలా ఉంది: 'క్రిమినల్, గ్యాంగ్, ట్రాఫిక్ జామ్. టీచర్‌తో కూర్చోదు.' ఆ కింద పెన్సిల్‌తో చిన్నగా, 'మా లెక్కల సార్ అయితే కూర్చోవచ్చు.'

కొట్టివేయమని చెప్పలేదు. ప్రయోగం సరిగ్గానే ఉంది మరి.