కె-డ్రామా (కొరియన్ టీవీ సీరియల్) లాంటి నవల అని కొన్నా, మనసుకి పట్టలేదు. చదివినవాళ్ళు ఉన్నారా?

పదహారో_ఎపిసోడ్:
నెల రోజులు ఎదురుచూసి తెప్పించుకున్న ఇంగ్లిష్ నవల నిన్న రాత్రి పూర్తిచేశా. టీనేజ్ ప్రేమకథ. కాలిఫోర్నియాలో పెరిగిన కొరియన్ అమ్మాయి సియోల్‌లో హైస్కూల్లో చేరుతుంది, అదే స్కూల్లో ఒక పెద్ద వ్యాపార కుటుంబం వారసుడు ఉంటాడు. రచయితకి ఇది మొదటి పుస్తకం, అందుకే పేరు రాయట్లేదు. అట్ట చూస్తే గుర్తుపడతారు, గులాబీ రంగు మీద ఒకే గొడుగు.

డ్రామాల్లో మనం ఇష్టపడేవన్నీ ఉన్నాయి. గొడుగు, కాలు బెణికితే వీపు మీద మోసుకెళ్ళడం, సియోల్ నమ్‌సాన్ టవర్ దగ్గర ప్రేమికులు వేసే తాళం, హాన్ నది ఒడ్డున రామ్యన్ నూడుల్స్. కానీ 40వ పేజీకే ముద్దు అయిపోయింది. తర్వాత 280 పేజీలు దేనికోసం తిప్పానో నాకే తెలీదు. డ్రామా అంటే వారానికి రెండు ఎపిసోడ్ల చొప్పున ఎనిమిది వారాలు. ఏడో ఎపిసోడ్లో వాళ్ళ చేతులు తగిలితే నాకు రాత్రి నిద్రపట్టదు. ఇందులో ఒక్కసారి కూడా గుండె ఝల్లుమనలేదు. నాకేనా ఇలా?

వేపపూత:
మీకే కాదండీ. నేను సగంలో ఆపేశా. మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు చదివి పెరిగిన మనిషి, తర్వాతి సంచిక వచ్చేదాకా ఏం జరుగుతుందోనని ఇరుగుపొరుగుతో చర్చలు పెట్టేదట. ఆమెకి కథ చెప్తుంటే మధ్యలో ఆపి, “అసలు ఆ పిల్లాడికి ఈ పిల్లలో ఏం నచ్చిందే? అది చెప్పకుండా కారెక్కించేశాడేంటి?” అంది. పుస్తకం మళ్ళీ తిరగేశా. నిజంగానే ఎక్కడా లేదు.

దేజాన్_డైరీ:
ఆ కారు దగ్గరే నేనూ ఆగిపోయా. ఆ కారు నడిపే హీరోకి 17 ఏళ్ళు. ఇక్కడ కొరియాలో 18 నిండితేగానీ కారు లైసెన్స్ ఇవ్వరు. ఇక్కడి దేజాన్ నగరంలో చదువుకుంటూ మూడు వసంతాలు చూశాను కాబట్టి ఇంకోటి కూడా చెప్తా. స్కూలు మొదటిరోజున చెర్రీ పూలు రాలుతుంటాయని రాశారు. కొరియాలో విద్యాసంవత్సరం మార్చి మొదట్లో మొదలవుతుంది. అప్పటికి ఇంకా కోటు వేసుకునే బయటికి వెళ్తాం, సియోల్‌లో పూలు విచ్చేది మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. పూలవానలో స్కూలు మొదలవడం జపాన్ కథల్లోది.

ఇవి చిన్న తప్పులే, క్షమించేయొచ్చు. నాకు బాధ కలిగించింది వేరే. హీరో హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, కథంతా తిరుగుతూనే ఉంటాడు. నవంబరులో సునూంగ్, అంటే కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో ఇంగ్లిష్ విని జవాబులు రాసే భాగం జరిగేసేపు దేశమంతటా విమానాలు దిగకుండా, ఎగరకుండా ఆపేస్తారు. అంత పెద్ద పరీక్ష ఇంటర్, ఎంసెట్ చూసిన మనకి వేరే చెప్పాలా! సియోల్‌లో ట్యూషన్ సెంటర్లని రాత్రి పదికి మూసెయ్యాలి. పది దాటాక ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో, అలసిపోయి నిద్రపోతూ ఇంటికెళ్ళే ఇద్దరు పిల్లలు... ఆ ప్రేమకథ నేను ఏడుస్తూ చదివేదాన్ని. మా అబ్బాయిని వదిలెయ్యమని హీరో తల్లి హీరోయిన్‌కి డబ్బు కవరు ఇచ్చే సీనే అక్కర్లేదు.

పెనుకొండ_కుర్రోడు:
అక్కా, బస్సు మాట భలే చెప్పినావు. నేను పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కొరియన్ కంపెనీలో పనిచేస్తా ఉన్నా. చేరిన కొత్తల్లో మా మేనేజర్ని ‘కిమ్-షి’ అని పిలిచినా. పక్కనున్న సీనియర్ చప్పున సరిదిద్దినాడు. ‘షి’ అంటే మన ‘గారు’ లాంటిదే, కానీ ఒట్టి ఇంటిపేరుకి తగిలిస్తే అమర్యాద, హోదాతో ‘కిమ్ క్వాజంగ్‌నిమ్’ (కిమ్ మేనేజర్‌గారు) అనాలంట. ఈ నవల్లో హీరోయిన్ టీచర్నే ‘కిమ్-షి’ అంటాది, ఆయన నవ్వుకుంటూ పోతాడు! హీరో తమ్ముడేమో అన్నని ‘ఒప్పా’ అంటాడు. ఒప్పా అనేది అన్ననో, తనకన్నా పెద్దవాడైన అబ్బాయినో ఆడపిల్ల పిలిచే పిలుపు. మగపిల్లోడు అన్నని ‘హ్యంగ్’ అనాల.

పదహారో_ఎపిసోడ్:
తమ్ముడూ, నాకు ఏం తక్కువైందో నువ్వే చెప్పేశావ్. కొరియన్‌లో మర్యాద మాట వేరు, చనువు మాట (బన్మల్) వేరు కదా. “ఇకనుంచి బన్మల్‌లో మాట్లాడుకుందామా?” అని ఒకరు అడిగే క్షణం కోసమే నేను డ్రామా చూస్తా. అది మనకి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిన రోజు ఎవరికైనా గుర్తుంటుంది. కోపమొస్తే మళ్ళీ ‘మీరు’లోకి వెళ్ళిపోవడం ఇంకా గుచ్చుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఆ తేడా లేదు, నిజమే. కానీ పెద్దగా కష్టపడక్కర్లేదు, కాలిఫోర్నియాలో పెరిగిన పిల్ల ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియక తడబడుతుందని రాసినా చాలు, కథ అక్కడే పుట్టేది. మొదటిరోజే ఆ పిల్లతో హీరోని ‘ఒప్పా’ అనిపించేసి ఆ దారి మూసేశారు.

తొలిమంచు:
కొంచెం వేరుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మా చెల్లికి 15 ఏళ్ళు, ఇంగ్లిష్‌లో తను చివరిదాకా చదివిన మొదటి పుస్తకం ఇదే. అందుకే నాకు దీనిమీద ప్రేమ ఉంది. పుట్టినరోజున నానమ్మ సముద్రపు నాచు సూప్ చేసి పెట్టే అధ్యాయం చదివారా? కొరియాలో బాలింతకి పెట్టే సూప్ అదే, అందుకే పుట్టినరోజున తాగుతూ కన్నతల్లిని తలుచుకుంటారు. అక్కడ హీరో లేడు, గొడుగు లేదు. నానమ్మ, మనవరాలు, ఒక గిన్నె. ఆ నాలుగు పేజీలు రాసిన మనిషికి రాయడం వచ్చు.

దేజాన్_డైరీ:
ఒప్పుకుంటున్నానండీ, ఆ అధ్యాయం బాగుంది. అదే సూప్‌ని పరీక్ష రోజు మాత్రం ముట్టరు, నాచు జారుతుంది కాబట్టి పరీక్షలోనూ జారిపోతారని. అతుక్కునే మిఠాయి ఇస్తారు. ఆ అమ్మాయి పుట్టినరోజు, సునూంగ్ ఒకేరోజు పడితే నానమ్మ ఏం చేసేదో అని ఆలోచిస్తున్నా ఇందాకట్నుంచి.

వేపపూత:
నేను ఆపేసిన చోటికి ఆ అధ్యాయం ఇంకా రాలేదు. మీ మాట మీద ఇప్పుడే వెతికి, అమ్మకి తెలుగులో చెప్తూ చదివా. ఏమీ అనలేదు. కాసేపాగి, “మళ్ళీ మొదట్నుంచి చదువు, ఆ గిన్నె దగ్గర్నుంచి” అంది.