1991లో పోయిన సోవియట్ 1993లో ఎలా రద్దయింది?

తెల్లకాగితం:
అందరికీ నమస్కారం. ఒక చిన్న పత్రికకు రష్యా రాజకీయ చరిత్ర మీద వ్యాసం రాసిచ్చాను. అందులో ‘1993లో యెల్త్సిన్ సోవియట్లను రద్దు చేశాడు’ అని ఒక వాక్యం ఉంది (యెల్త్సిన్ అంటే అప్పటి రష్యా అధ్యక్షుడు). ప్రూఫులు చూసినాయన దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ‘1991 అని ఉండాలి. సోవియట్ అప్పుడే కూలిపోయింది’ అని రాశారు. నేను రాసింది తప్పు కాదు. అలాగని ఆయన్ని అనడానికీ నోరు రావడం లేదు. తెలుగులో సోవియట్ అంటే దేశమే కదా! ఈ మాటను వాక్యంలో ఎలా సర్దాలి? ‘సభలు’ అంటే ఎవరికీ ఎక్కదు, ‘సోవియట్లు’ అంటే ఇదిగో, ఇలా అవుతోంది.

గోదారి గట్టు:
సోవియట్ అంటే దేశం కాదా? నేను ఇన్నాళ్లూ రష్యాకి ఇంటిపేరు లాంటిదనుకున్నాను.

పాతపుస్తకాలాయన:
మీరొక్కరే కాదండీ, మా తరమంతా అంతే. మాకు సోవియట్ అంటే స్కూలు పుస్తకాలకు అట్టలేసుకున్న ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితం. ఆ కాగితం మీద నవ్వుతూ ట్రాక్టరు తోలే అమ్మాయి. ఆ మాటకు అర్థం ఉంటుందని ఎవరికి తోచింది?

రష్యన్‌లో దాన్ని ‘సవ్యెత్’ అంటారు. మనం ఇంగ్లీషు మీదుగా తెచ్చుకున్నాం కాబట్టి సోవియట్ అయింది. అర్థాలు రెండు. ఒకటి సలహా. డాక్టరు ఇచ్చేదీ సవ్యెతే, పక్కింటి పెద్దావిడ అడక్కుండా ఇచ్చేదీ సవ్యెతే. రెండోది, కూర్చుని ఆలోచన చేసే సభ. ముందున్న ‘స్’ అంటే కలిసి, ‘వ్యెత్’ అంటే పలుకు. మన ‘సంవాదం’ కట్టుబడి కూడా అలాంటిదే. రెండిటికీ చుట్టరికం ఉందని నేననడం లేదు, పోలిక చెబుతున్నానంతే. పలకరింపుకు వాడే ‘ప్రివ్యెత్’, జవాబుకు వాడే ‘అత్వ్యెత్’ ఆ ఇంటి పిల్లలే. పాత నొవ్‌గొరద్ నగరంలో జనం గుమిగూడి నిర్ణయాలు చేసే ‘వేచె’ కూడా. 1478లో మూడో ఇవాన్ ఆ ఊరిని లొంగదీసి, వేచెకు జనాన్ని పిలిచే గంటను మాస్కోకి పట్టుకుపోయాడు.

అసలు ఇది కమ్యూనిస్టులు పుట్టించిన మాటే కాదు. జార్ మొదటి అలెగ్జాండర్ 1810లో పెట్టిన రాజ్యమండలి పేరులోనూ సవ్యెత్ ఉంది. ఎర్రరంగు తర్వాత అంటింది. 1905 మే నెలలో ఇవానొవొ-వొజ్నెసెన్స్క్ అనే బట్టల మిల్లుల ఊళ్లో సమ్మె జరిగింది. కార్మికులు తమ ప్రతినిధులను ఎన్నుకుని ఒక సవ్యెత్ పెట్టుకున్నారు. అక్టోబరులో పీటర్స్‌బర్గ్‌లో ఇంకోటి వచ్చింది. విప్లవ నాయకుడు త్రోత్స్కీ పేరు మోగింది అక్కడే. డిసెంబరులో పోలీసులు వచ్చి సభ్యులను పట్టుకుపోవడంతో అది ముగిసింది.

గోదారి గట్టు:
అయితే శుభ్రంగా ‘పంచాయతీ’ అంటే సరిపోదా?

నిఘంటువు పురుగు:
దగ్గరగానే ఉంది, కానీ రెండు చిక్కులు. మన నోట పంచాయతీ అంటే తగాదా కూడా. ‘వాళ్లింట్లో రోజూ పంచాయతీయే’ అంటాం. రెండోది, పంచాయతీ ఊరిది. తొలినాళ్ల సోవియట్ పుట్టింది ఫ్యాక్టరీలో, 1917 నాటికి సైనిక దళాల్లోకీ పాకింది. ‘కార్మికుల, సైనికుల ప్రతినిధుల సోవియట్’ అని పూర్తి పేరు రాస్తే అది సభ అని దానంతట అదే తెలుస్తుంది. మన వాడుకలో ముందున్న మాటలన్నీ తెగి చివరి ‘సోవియట్’ ఒక్కటే మిగిలింది.

ఇంకో తమాషా చూడండి. 1917లో లెనిన్ అధ్యక్షుడుగా ఏర్పడిన ప్రభుత్వం పేరులోనూ సవ్యెత్ ఉంది, దాన్ని ‘ప్రజా కమిసార్ల మండలి’ అని అనువదించారు. తర్వాతి ‘మంత్రిమండలి’ కూడా రష్యన్‌లో సవ్యెతే. అక్కడి పార్లమెంటు ‘సుప్రీం సోవియట్’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అనువాదం మానేశారు. రష్యావాడికి ఒకే మాట, మనకు రెండు. ఈ తేడా ఇంగ్లీషు వాళ్లు చేసింది, మనం వెనక నడిచాం. యుక్రేనియన్ వాళ్లు అలా చేయలేదు, తమ మాట ‘రాద’ పెట్టుకున్నారు. అందుకే యూనియన్ పోయినా వాళ్ల పార్లమెంటు ఇప్పటికీ రాదే. ఫిన్లండ్, ఎస్టోనియా వాళ్లూ అర్థాన్నే అనువదించుకున్నారు.

కారంపొడి:
పత్రికల్లో ‘1979లో సోవియట్లు అఫ్గానిస్తాన్‌లోకి చొరబడ్డారు’ అని రాస్తుంటారు. అంటే సలహామండళ్లు చొరబడ్డాయనా 😀

నిఘంటువు పురుగు:
అక్షరాలా అంతే! ఆ బహువచనం ఇంగ్లీషు పత్రికల నుంచి ఊడిపడింది. ‘సోవియట్ సేనలు’ అంటే ఏ గొడవా లేదు. మా నాన్నగారి తరం ‘రష్యా వాళ్లు’ అనేసి ఊరుకునేది. అదీ నయమే.

పాతపుస్తకాలాయన:
తెల్లకాగితం గారి 1993 సంగతికి వస్తాను. అది తెలియాలంటే 1917 నాటి పెత్రొగ్రాద్‌లో (పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు) తవ్రీచెస్కీ భవనానికి వెళ్లాలి. ఫిబ్రవరి విప్లవంలో జార్ గద్దె దిగాడు. ఒకే భవనంలో ఒక పక్క జార్ కాలపు పార్లమెంటు ‘దూమ’ సభ్యుల కమిటీ, ఇంకో పక్క పెత్రొగ్రాద్ సోవియట్. దూమ అంటే ఆలోచన, ‘దూమత్’ అంటే ఆలోచించడం. ఒక వసారాలో ఆలోచన, ఇంకో వసారాలో సలహా. తాత్కాలిక ప్రభుత్వం చేతిలో కుర్చీ ఉంది, సోవియట్ మాట సైనికులు వింటున్నారు. దీన్నే జంట అధికారం అన్నారు.

ఏప్రిల్లో లెనిన్ తిరిగొచ్చి, అధికారం మొత్తం సోవియట్ల చేతికి రావాలన్నాడు. ‘సర్వాధికారాలూ సోవియట్లకే’ అన్న నినాదం ఆ వేసవిలో వీధుల్లో మోగింది. దీన్ని ‘అధికారమంతా దేశానికే’ అన్నట్టు చదివితే అందులోని కారం మొత్తం పోతుంది. అప్పటికి సోవియట్లలో లెనిన్ పార్టీ బోల్షెవిక్కులది మైనారిటీ. వేరే సోషలిస్టు పార్టీల వాళ్లు, మెన్షెవిక్కులూ, సోషలిస్టు విప్లవకారులూ ఎక్కువ. జూలై అల్లర్ల తర్వాత పార్టీ ఆ నినాదాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టింది. సెప్టెంబరులో పెత్రొగ్రాద్, మాస్కో సోవియట్లలో మెజారిటీ రాగానే మళ్లీ బయటికి తీసింది. మాట అదే, లెక్క మారింది.

అక్కడి నుంచి ఆ మాట బోలుపడుతూ పోయిందని నా అభిప్రాయం. 1921 మార్చిలో పెత్రొగ్రాద్ దగ్గరి నౌకాస్థావరం క్రోన్‌స్తాత్‌లో నావికులు తిరగబడ్డారు. వాళ్ల మొదటి కోరిక ఏమిటో తెలుసా? సోవియట్లకు రహస్య బ్యాలెట్‌తో మళ్లీ ఎన్నికలు పెట్టమని! సోవియట్ ప్రభుత్వాన్ని వాళ్లు అడిగింది సోవియట్లనే. జవాబుగా గడ్డకట్టిన సముద్రం మీద నడిచి ఎర్రసైన్యం వచ్చింది. 1936 రాజ్యాంగం సుప్రీం సోవియట్‌ను పెట్టింది, ఎన్నికల్లో సీటుకి ఒక్కడే అభ్యర్థి. 1977 రాజ్యాంగం ఆరో అధికరణం, పార్టీయే సమాజాన్ని నడిపించే శక్తి అని రాసిపెట్టేసింది. ఇక సలహా ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు? 1990 మార్చిలో ఆ అధికరణాన్ని మార్చి పార్టీ గుత్తాధికారం తీసేశారు.

అప్పుడు చాలా ఏళ్లకు సోవియట్లలో నిజమైన వాదాలు మొదలయ్యాయి. యెల్త్సిన్ పైకొచ్చింది కూడా వాటి మెట్ల మీదుగానే. 1990లో రష్యా సుప్రీం సోవియట్‌కు అధ్యక్షుడాయనే. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్‌ను రద్దు చేసే ఒప్పందానికి ఆమోదం తెలిపింది ఆ సుప్రీం సోవియటే. యూనియన్ పోయింది, సభ మిగిలింది. 1993 సెప్టెంబరు 21న యెల్త్సిన్ 1400 నంబరు ఉత్తర్వుతో ఆ సభనూ ఆపేశాడు. సభ్యులు ‘మేం కదలం’ అన్నారు. అక్టోబరు 4న ట్యాంకులు మాస్కోలో ఆ సభ భవనాన్ని కాల్చాయి. టీవీలో మనం వైట్‌హౌస్ అని విన్నాం. దాని అసలు పేరు ‘సోవియట్ల భవనం’. డిసెంబరులో కొత్త రాజ్యాంగం, కొత్త సభ. ఆ సభ పేరు దూమ! తవ్రీచెస్కీ భవనంలో అవతలి వసారాలో ఉన్న ఆ పాతమాటే.

కారంపొడి:
అయితే రష్యాలో ఇప్పుడు సవ్యెత్ అనే మాటే లేదా?

నిఘంటువు పురుగు:
ఎందుకు లేదూ! పార్లమెంటు పైసభ పేరు సమాఖ్య సవ్యెత్, భద్రతామండలి కూడా సవ్యెతే. రాజ్యం పేరు పోయాక మాట తన పాత ఇంటికి వెళ్లిపోయింది. ఆ కాలపు మనిషినీ, ఆ బుద్ధినీ వెక్కిరించడానికి ‘సవోక్’ అంటారు. చెత్త ఎత్తే చేటకు కూడా అదే మాట. పెళ్లిళ్లలో మాత్రం ‘సవ్యెత్ దా ల్యుబోఫ్’ అని దీవిస్తారు. ఇద్దరూ ఒకమాట మీద ఉండండి, ప్రేమగా ఉండండి అని.

తెల్లకాగితం:
అందరికీ చాలా థాంక్స్. వాక్యం ఇలా మార్చి పంపుతున్నాను: ‘సోవియట్ యూనియన్ 1991లో పోయింది. ఆ పేరుకు మూలమైన సోవియట్లు, అంటే ఎన్నికైన సభలు, మరో రెండేళ్లు బతికాయి. 1993లో యెల్త్సిన్ వాటినీ రద్దు చేశాడు.’ ప్రూఫుల ఆయన మళ్లీ ఎర్రసిరా తీస్తే ఈ చర్చ ఆయనకే పంపిస్తాను.