దేవమాలి మీద తెల్లవారుజామున లెన్స్ చెమ్మగిల్లుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (రాయగడ నుంచి):
డిసెంబరులో ఒడిశాలోని దేవమాలి కొండ (1,672 మీటర్లు) మీద సూర్యోదయం తీస్తుంటే లెన్స్ ముందు అద్దానికి చెమ్మ పడుతోందండీ. తుడిచినా మళ్లీ అంతే. పొగమంచేమో బూడిదరంగులో వస్తోంది. పిట్టల మీద ఫోకస్ నిలవట్లేదు.

జవాబు (కొరాపుట్ నుంచి):
తుడిస్తే లాభం లేదండీ. తేట ఆకాశం కింద అద్దం గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది, అందుకే చెమ్మ. లెన్స్ ముందుండే గొట్టంలాంటి హుడ్ తీయొద్దు. చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ ఒకటి అద్దానికి దగ్గరగా, ఫోకస్ రింగుకు తగలకుండా, రబ్బరు బ్యాండుతో కట్టండి. వెచ్చని గదిలోకి వెళ్లేముందే మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను జిప్ కవరులో మూసి గంటసేపైనా ఉంచండి. ఈ పని మాత్రం మానొద్దు, లోపలి అద్దాలకు చెమ్మ పడితే ఓ పట్టాన ఆరదు.

జవాబు (ఒడిశాలోని జైపూర్ నుంచి):
కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తెల్లని మంచును బూడిదగా లెక్కేస్తుంది. ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 దాకా పెంచండి, హిస్టోగ్రాం (బొమ్మలో వెలుగుచీకట్ల గ్రాఫు) కుడి అంచుకు తగలకూడదు. ఎండ రాగానే మళ్లీ సరిచూసుకోండి. కొండల వరుసలకు వైడ్ కన్నా 70–200 మి.మీ. లెన్స్, ఎఫ్/8 అపెర్చర్ నయం.

మంచులో కాంట్రాస్ట్ ఉండదు కాబట్టి ఫోకస్ వెతుక్కుంటుంది. ఒకే పాయింటును రెక్క అంచు మీద పెట్టండి. షట్టర్ వేగం కూర్చున్న పిట్టకు 1/500 సెకను, ఎగిరేదానికి 1/2000. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 అయినా ఫర్వాలేదు. నాయిస్ (బొమ్మలో పడే గరుకు చుక్కలు) తగ్గించుకోవచ్చు, కదిలిన బొమ్మను బాగుచేయలేం. రికార్డు చేసిన కూతలు వినిపించి పిట్టల్ని రప్పించకండి, దయచేసి.

ప్రశ్న (రాయగడ నుంచి):
హ్యాండ్ వార్మర్ దొరక్కపోతే?

జవాబు (కొరాపుట్ నుంచి):
ఉన్ని మేజోడు కొస కత్తిరించి లెన్స్‌కు తొడగండి. పూర్తిగా ఆపదు గానీ కాస్త ఆలస్యం చేస్తుంది.