ఇయర్ 1 పాప స్కూల్ నుంచి శుక్రవారం లెటర్ వచ్చింది, ఇందులో ఏవి తప్పనిసరి?

కొత్తగా రెడింగ్
అందరికీ నమస్తే అండి. మేం సంక్రాంతి అయ్యాక ఇంగ్లాండ్‌లోని రెడింగ్‌కి వచ్చాం, మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేనూ పాపా డిపెండెంట్స్. పాపకి ఇయర్ 1లో సీటు వచ్చింది, ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవులవగానే జాయిన్ చేశాం. నిన్న స్కూల్ యాప్‌లో పెద్ద లెటర్ పెట్టారు, ఈ వారం పిల్లలు ఏం నేర్చుకున్నారు, ముందు ఏమేం రాబోతున్నాయి అని. సగం అర్థమైంది, సగం కాలేదు. ఫోనిక్స్‌లో స్ప్లిట్ డైగ్రాఫ్ అట, మ్యాథ్స్‌లో నంబర్ బాండ్స్ అట, హిస్టరీలో 1666లో లండన్ తగలబడిన కథ అట, దానికోసం ఇంట్లో అట్టపెట్టెతో ఆ కాలం నాటి ఇల్లు చేసి పంపాలట. ఇంక వచ్చే గురువారం వరల్డ్ బుక్ డేకి వేషం, శుక్రవారం కేక్ సేల్, ఆ పై వారం పేరెంట్స్ ఈవెనింగ్, మధ్యలో ఒక సోమవారం ఇన్‌సెట్ డే, మ్యూజియం ట్రిప్‌కి 12 పౌండ్లు. ఇవన్నీ చెయ్యాల్సిందేనా? ఇంకో సంగతి, హైదరాబాద్‌లో మా పాప యూకేజీకే కర్సివ్‌లో పేరాగ్రాఫ్‌లు రాసేది, ఇక్కడ మూడక్షరాల మాటలున్న బొమ్మల పుస్తకం పంపిస్తున్నారు. వెనకబడిపోతుందేమో అని మావారికి బెంగగా ఉంది.

స్లౌ అక్క
కంగారు పడకమ్మా, మొదటి టర్మ్‌లో అందరికీ ఇలాగే ఉంటుంది. ఆ లెటర్ వచ్చిన రాత్రే కూర్చుని తేదీలన్నీ మీ ఇద్దరి ఫోన్ క్యాలెండర్లలో ఎక్కించెయ్యండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే అందరూ వేషాల్లో వచ్చిన రోజు మీ పిల్ల ఒక్కత్తే యూనిఫాంలో వెళ్తుంది, ఆ ఏడుపు ఆపడం మన వల్ల కాదు.

ఇన్‌సెట్ డే అంటే టీచర్లకి ట్రైనింగ్, పిల్లలకి సెలవు. ఏడాదికి 5 ఉంటాయి, ఏ రోజు అన్నది ఏ స్కూల్‌కి ఆ స్కూల్ పెట్టుకుంటుంది, పక్కింటి పిల్లలు వెళ్తున్నారు కదా అని తీసుకెళ్తే గేటు తాళం వేసి ఉంటుంది. మీవారిని ఆఫీసులో ఇప్పుడే చెప్పి పెట్టుకోమను.

ఫోనిక్స్ అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం, నంబర్ బాండ్స్ అంటే కలిపితే ఒకే అంకె వచ్చే జతలు, 7, 3 కలిపితే 10 లాగ. స్ప్లిట్ డైగ్రాఫ్ కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, కేక్, బైక్, హోమ్ లాంటి మాటల్లో చివరి e అక్షరం పలకదు గానీ ముందున్న అచ్చు శబ్దాన్ని మార్చేస్తుంది, అది. మీ వారి బెంగ గురించి చెప్తా. ఇయర్ 1 పిల్లలకి జూన్‌లో ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్ ఉంటుంది. టీచర్ ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టి 40 మాటలు చదివిస్తారు, అందులో సగం అసలు అర్థమే లేని ఉత్తుత్తి మాటలు, వాటి పక్కన ఏలియన్ బొమ్మ వేసి ఉంటుంది. మన పిల్లలు కొందరు అక్కడే తడబడతారు, ఎందుకంటే మనం స్పెల్లింగ్ బట్టీ పెట్టిస్తాం, శబ్దాలు కలిపి చదవడం నేర్పం. కాబట్టి ఆ మూడక్షరాల పుస్తకాన్ని తక్కువ చెయ్యకండి. రోజూ పది నిమిషాలు చదివించి, ఏం చదివిందో రాసే రీడింగ్ రికార్డ్ పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టండి. లెటర్ మొత్తంలో నిజంగా తప్పనిసరి అంటే నా దృష్టిలో అదొక్కటే.

వరంగల్ టు వోకింగ్
చెల్లె, సీటు దొరికింది సూడు, అదే పెద్ద ముచ్చట. మాకైతే చుక్కలు చూపెట్టిన్రు. అప్పుడు మేం వేరే ఊర్ల ఉంటుంటిమి, ఊరి పేరెందుకు గానీ. మావోడు రిసెప్షన్ క్లాస్, అంటే ఇయర్ 1 కంటె ముందు క్లాస్. కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, అడ్మిషన్ వాళ్ళు అడ్రస్ ప్రూఫ్ తెమ్మన్నరు, సరే అని ఇంటి అగ్రిమెంట్ పెట్టిన. ఏజెంట్ మా ఇంటిపేరును పేరు చేసిండు, పేరును ఇంటిపేరు చేసిండు, పాస్‌పోర్ట్‌తోని కలుస్తలేదని తిప్పి పంపిన్రు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే ఓనర్ సంతకం కావాలంటడు, ఓనరేమో స్పెయిన్ పోయిండు. సరే కౌన్సిల్ ట్యాక్స్ బిల్ పెట్టుండ్రి సాలు అన్నరు. కౌన్సిల్ ట్యాక్స్ వాళ్ళను అడిగితే అగ్రిమెంట్ ల పేరు సరిజేసి పంపుండ్రి అంటరు. ఒక్కటే బిల్డింగ్‌ల రెండు డిపార్ట్‌మెంట్లు, వీళ్ళు వాళ్ళ దిక్కు, వాళ్ళు వీళ్ళ దిక్కు. పోరడు ఇంట్ల కూసొని పొద్దంత టీవీ. ఆఖరుకు పేరు సరైంది, సీటు ఇచ్చిన్రు, యాడ? ఊరికి ఆ కొసకు, రెండు బస్సులు మారాలె. ఇంటి పక్క స్కూల్ క్లాస్‌ల 30 నిండిపోయినయట, రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసులల్ల ఒక టీచర్‌కు 30 దాటొద్దని రూల్. అప్పీల్ పెడదామంటే ఆ చిన్న క్లాసులకు అప్పీల్ గెలుసుడు కష్టమని వాళ్ళే చెప్పిన్రు. మా ఆవిడ చలిల పోరన్ని తీస్కొని బస్సులు ఎక్కి దిగుడు, ఇప్పటికీ ఆ ఏజెంట్ పేరు ఎత్తితే తిడ్తది. వెయిటింగ్ లిస్ట్‌ల పెట్టుకున్నం, ఎవరో ఇల్లు మారిపోతే అప్పుడు దగ్గరి స్కూల్ల పిలిచిన్రు. అందుకే ఎవరొచ్చినా నేను చెప్పేది ఒక్కటే, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే పేరు పాస్‌పోర్ట్ లెక్క ఉందా లేదా అక్షరం అక్షరం సూసుకోండ్రి.

కొత్తగా రెడింగ్
అయ్యో, చాలా కష్టపడ్డారు అన్నయ్యా. మాకు సీటు వచ్చేసింది అండి, దగ్గర్లోనే. కేక్ సేల్‌కి ఏం పంపాలో ఎవరైనా చెప్తారా? నాకు కేక్ చెయ్యడం రాదు, ఇంట్లో ఓవెన్ ఎలా వెయ్యాలో కూడా ఇంకా తెలీదు.

కాకినాడ కోవెంట్రీ
ఏవండీ, కేకే చెయ్యక్కర్లేదండి. పేరెంట్స్ అసోసియేషన్ వాళ్ళు స్కూల్ కోసం డబ్బులు పోగేసుకోడానికి పెడతారు, షాపులో కొన్న కప్‌కేకుల డబ్బా ఇచ్చినా సంతోషంగా తీసుకుంటారు. పాప చేతికి ఒకటో రెండో పౌండ్లు చిల్లర ఇచ్చి పంపండి, అది మర్చిపోతే పాపం తను ఏదీ కొనుక్కోలేదు.

అన్నిటికంటే ముఖ్యం నట్స్ సంగతి. చాలా స్కూళ్ళు నట్ ఫ్రీ అని రాసుంటాయి, మీ లెటర్ కింద చూడండి. మన వంటల్లో పల్లీ ఎక్కడ దూరుతుందో మనకే గుర్తుండదు. పులిహోరలో పల్లీలు, కందిపొడి అనుకుని పెట్టినదాంట్లో పల్లీలు, లడ్డూలో జీడిపప్పు. లంచ్ బాక్స్‌లో కూడా అంతే. నువ్వులుండలు కూడా వద్దండి, ఇక్కడ ఫుడ్ మీద తప్పనిసరిగా రాయాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో నువ్వులూ ఉన్నాయి. మా క్లాస్‌లో ఒక బాబుకి జీడిపప్పు పడదు, వాడి కోసం ఇంజెక్షన్ పెన్ను ఆఫీసులో పెట్టుంటారు, అందుకే నాకు దీని మీద పట్టింపు.

ఇంకోటండి, అట్టపెట్టె ఇల్లు. మీవారు ఇంజనీర్ అయితే రాత్రంతా కూర్చుని టైల్స్ అంటిస్తారు, మా ఆయన చేసింది అదే. చాలా స్కూళ్ళలో ఆ ఇళ్ళన్నీ గ్రౌండ్‌లో వరసగా పెట్టి నిజంగానే కాల్చి చూపిస్తారు, మంట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎలా పాకిందో తెలియాలని. ముందే ఫొటో తీసి పెట్టుకోండి. ప్లాస్టిక్, గ్లిట్టర్ వాడకండి. పాపని కూడా రంగులు వెయ్యనివ్వండి, పెద్దోళ్ళు చేసింది టీచర్లకి ఇట్టే తెలిసిపోతుంది.

మిల్టన్ కీన్స్ పాతకాపు
అందరూ కేకుల దగ్గరే ఉన్నారు. అసలు విషయం చెప్తా వినండి. మీది డిపెండెంట్ వీసా కదా, స్కూల్లో ఫ్రీ లంచ్ ఫారం నింపారా? నింపితే పబ్లిక్ ఫండ్స్, అంటే మన వీసా వాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం, దాని కిందకి వస్తుంది, రేపు వీసా ఎక్స్‌టెన్షన్‌లో పట్టుకుంటారు. డబ్బులు కట్టి తినిపించండి లేదా బాక్స్ పెట్టండి. 18 ఏళ్ళుగా చూస్తున్నా.

హారో లాయర్ కాదు
పాతకాపు గారూ, ఈ పుకారు ఇంకెన్నాళ్ళండి. ఇంగ్లాండ్‌లో ప్రభుత్వ స్కూళ్ళలో రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ 2014 సెప్టెంబర్ నుంచి మధ్యాహ్నం భోజనం ఫ్రీ, తల్లిదండ్రుల జీతంతో సంబంధం లేదు, వీసాతో సంబంధం లేదు. అది పబ్లిక్ ఫండ్స్ లిస్ట్‌లోనే లేదు. ఆ లిస్ట్‌లో ఉన్నది చైల్డ్ బెనిఫిట్, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు, దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు. మీ మాట విని మా ఫ్రెండ్ వాళ్ళు ఇయర్ 2 అయిపోయేదాకా బాక్స్ మోశారు. రెడింగ్ చెల్లీ, పాపకి వెజిటేరియన్ కావాలంటే యాప్‌లో మెనూ ముందే ఎంచుకోవాలి, అది చూసుకో. ఇయర్ 3 నుంచి డబ్బులు కట్టాలి, లండన్‌లో అయితే 2023 సెప్టెంబర్ నుంచి మేయర్ ప్రైమరీ పైక్లాసులకి కూడా ఇస్తున్నారు.

ట్రిప్ డబ్బులు కూడా చెప్తా. స్కూల్ టైంలో తీసుకెళ్ళే ట్రిప్‌కి వాళ్ళు అడిగేది వాలంటరీ మాత్రమే, కట్టలేదని పిల్లని వదిలేసి వెళ్ళకూడదు. కాకపోతే ఎక్కువమంది కట్టకపోతే ట్రిప్పే క్యాన్సిల్ చేస్తారు, కాబట్టి కట్టగలిగితే కట్టేయడం మర్యాద.

మిల్టన్ కీన్స్ పాతకాపు
జాగ్రత్త చెప్పడం కూడా తప్పేనా. సరే ఇంకోటి చెప్తా, దీనికి కూడా అడ్డురా. ఇండియా ట్రిప్‌కి స్కూల్ ఉన్న రోజుల్లో వెళ్తే 60 పౌండ్లు ఫైన్, అంతే. టికెట్ తేడా చూసుకుంటే ఫైన్ కట్టి వెళ్ళడమే లాభం. మేం ఎన్నిసార్లు సంక్రాంతికి వెళ్ళలేదూ.

హారో లాయర్ కాదు
ఆ 60 పాత రేటు. 2024 ఆగస్టు నుంచి 80 పౌండ్లు, అది కూడా 21 రోజుల్లో కడితేనే, లేకపోతే 160. పైగా ఇది ఇంటికి ఒకటి కాదు, ఒక్కో పిల్లకి తల్లికి వేరే తండ్రికి వేరే. ఇద్దరు పిల్లలుంటే నాలుగు ఫైన్లు, తొందరగా కట్టినా 320. పది స్కూల్ వారాల్లో మొత్తం 5 రోజులు పర్మిషన్ లేకుండా పోగొడితే ఫైన్ ఆలోచిస్తారు. మూడేళ్ళలో అదే పిల్లకి రెండోసారి అయితే నేరుగా 160, మూడోసారి ఫైన్ ఉండదు, కోర్టు దాకా వెళ్ళొచ్చు.

మిల్టన్ కీన్స్ పాతకాపు
కోర్టా, మేం వెళ్ళినన్నాళ్ళూ హెడ్ టీచర్ హ్యాపీ హాలిడే అని చెప్పి పంపేవాడు. మీ లండన్ వాళ్ళకి ప్రతిదీ భయమే.

వరంగల్ టు వోకింగ్
హారో అన్న చెప్పింది కరెక్టే, మా దోస్తుకు పడ్డది. గని పండుగకు ఒక్క రోజు ఇస్తరు గదా, దీపావళికి లెటర్ రాసి ఇస్తే మా స్కూల్ల ఇచ్చిన్రు. ఉగాదికి అడుగుడు ఎట్ల?

స్లౌ అక్క
మతపరమైన పండగ రోజు అని ముందే రాసి అడిగితే ఆ రోజుకి పర్మిషన్ ఇస్తారు. ఉగాదికి అయితే అది మనకి పండగే అని హెడ్ టీచర్‌కి మనమే చెప్పుకోవాలి, మా స్లౌలో దీపావళికి ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు, ఉగాది అంటే మాత్రం అదేంటి అంటారు. అంతా అయ్యాక జ్వరం అని అబద్ధం మాత్రం చెప్పకండి, ఇయర్ 1 పిల్ల సోమవారం వెళ్ళి, అందరూ గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకునే సర్కిల్ టైంలో మొత్తం చెప్పేస్తుంది.

ఇంక మీరిద్దరూ ఫైన్ల గొడవ విడిగా పెట్టుకోండి బాబూ, ఆ అమ్మాయి వరల్డ్ బుక్ డే సంగతి అలాగే ఉండిపోయింది. చెల్లీ, అది ఏటా మార్చి మొదట్లో గురువారం నాడు ఇక్కడ చేస్తారు. స్కూల్లో 1 పౌండ్ టోకెన్ ఇస్తారు, దాంతో పుస్తకాల షాపులో ఆ లిస్ట్‌లోని చిన్న పుస్తకం ఒకటి ఫ్రీగా వస్తుంది, బ్యాగ్ అడుగున నలిగిపోకుండా తీసి పెట్టు. వేషానికి సూపర్ మార్కెట్‌లో డబ్బులు పొయ్యకు, బుధవారానికి పాప సైజు దొరకదు కూడా. మా చిన్నదానికి నేను వాళ్ళ నాన్న కండువా కట్టి, పిలక పెట్టి తెనాలి రామకృష్ణ వేషం వేశా, తెనాలి కథల బొమ్మల పుస్తకం చేతికిచ్చా. రూల్ ఏంటంటే ఏదైనా పుస్తకంలో మనిషి అయ్యుండాలి, అంతే. టీచర్ క్లాస్ ముందు నిలబెట్టి కథ చెప్పించారు, పిల్లి పాలు తాగని కథ చెప్పిందట.

కాకినాడ కోవెంట్రీ
అక్కా ఐడియా బాగుందండి, మేమూ వేస్తాం ఈసారి.

పేరెంట్స్ ఈవెనింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కదా. టీచర్‌తో మాట్లాడ్డానికి పది నిమిషాలే ఉంటుందండి, బుకింగ్ ఓపెన్ అయిన గంటలో సాయంత్రం స్లాట్లన్నీ అయిపోతాయి, మీవారు రావాలంటే ముందే కూర్చోండి. వెళ్ళాక క్లాస్‌లో ఎన్నో ర్యాంక్ అని మాత్రం అడగొద్దు, వాళ్ళు చెప్పరు, మొహం అదోలా పెడతారు. ఫోనిక్స్‌లో ఏ గ్రూప్‌లో ఉంది, జూన్ చెక్‌కి ఇంట్లో ఏం చేయించాలి, ఆటలో ఎవరితో ఉంటోంది, ఈ మూడూ అడగండి. ఇంట్లో తెలుగు మానెయ్యాలా అని కూడా కొందరు అడుగుతారు, మా టీచరే మానొద్దు అన్నారు.

మిల్టన్ కీన్స్ పాతకాపు
తెలుగు సంగతి నన్నడగండి, మావాడికి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాం, ఇప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్నాడు, ఏమైంది?

హారో లాయర్ కాదు
మొన్న గెట్ టుగెదర్‌లో మీ అమ్మగారితో వాడు గూగుల్ ట్రాన్స్‌లేట్ పెట్టుకుని మాట్లాడాడు పాతకాపు గారూ, నేను పక్కనే ఉన్నా.

కొత్తగా రెడింగ్
అందరికీ చాలా థాంక్స్ అండి. లంచ్ మెనూ ఇప్పుడే యాప్‌లో మార్చాను, నిన్నటిదాకా బాక్స్ కడుతున్నాను. ఇన్‌సెట్ డేకి మావారు వర్క్ ఫ్రం హోం అడిగారు. లెటర్‌లో పీఈ కిట్, అంటే ఆటల బట్టలు, మంగళవారం గురువారం అని ఉంది, గురువారం వేషం కూడా కదా, ఆ రోజు కిట్ పంపాలా?

స్లౌ అక్క
బ్యాగ్‌లో పెట్టి పంపు, చేయించకపోతే తిరిగొస్తుంది. అన్నిటి మీదా పేరు రాయి, కార్డిగన్ మీద, షూస్ లోపల, వాటర్ బాటిల్ మీద, లేకపోతే అవి లాస్ట్ ప్రాపర్టీ డబ్బాలో తేలతాయి. మా చిన్నదానివి 5-6 సైజు గ్రే పినాఫోర్లు (యూనిఫాం గౌన్లు) రెండు, వెల్లీస్ (వాన బూట్లు) ఒక జత ఉన్నాయి, బాగున్నాయి. శనివారం మేం రెడింగ్ గుడికి వస్తున్నాం, కావాలంటే పాప చెప్పుల సైజు పర్సనల్‌గా మెసేజ్ పెట్టు.