షట్కర్ణే? షట్కర్ణో?

కందపద్యం: క్వాంటం తాళంచెవుల మీద, అంటే సందేశాలకు తాళం వేసే రహస్య సంకేతాలను కాంతికణాలతో పంపడం మీద, వ్యాసం రాస్తున్నాను. ఎత్తుగడకు ‘షట్కర్ణే భిద్యతే మంత్రః’ పెడదామని. ఆరు చెవుల్లో, అంటే ముగ్గురిలో, పడిన రహస్యం సంగతి అది. తరువాతిది ‘చతుష్కర్ణః స్థిరో భవేత్’, నాలుగు చెవులదైతే నిలుస్తుందని, కదా? ‘భిద్యతే’ అంటే బయటపడుతుందనా, చెడిపోతుందనా?

పాతపుస్తకం: ముందు ఆ ‘ర్ణే’ దిద్దండి. ‘షట్కర్ణో’. బహువ్రీహి, మంత్రానికి విశేషణం.

కందపద్యం: మా ఇంట్లో అందరూ ‘ర్ణే’ అనే చదివేవారు.

పాతపుస్తకం: సప్తమి వేస్తే ఆ ఆరు చెవులు మంత్రానివి కావు, ఇంకెవరివో అవుతాయి.

ఫిజిక్స్ మాస్టారు: అయితే నాకు ‘ర్ణో’నే కావాలి! 1984లో బెన్నెట్, బ్రసార్డ్ చెప్పిన పద్ధతిలో ఒక్కో కాంతికణాన్ని, అంటే ఫోటాన్‌ను నిలువు-అడ్డం జతలోనో, ఏటవాలు జతలోనో ధ్రువణం చేసి పంపుతారు. దొంగచాటుగా వినేవాడికి ఏ జతో తెలియదు. సగంసార్లు తప్పు జతతో కొలుస్తాడు, దాంతో ఫోటాన్ స్థితే మారిపోతుంది. అన్నిటినీ అలా పట్టి మళ్లీ పంపాడా, అసలువాళ్లిద్దరూ ఒకే జత వాడిన చోట్ల సుమారు 25 శాతం తప్పులు తేలతాయి. ఆ తాళంచెవిని పారేస్తారు. సందేశం అప్పటికింకా బయలుదేరనే లేదు. కనుక ‘బయటపడుతుంది’ కుదరదు, ‘పగులుతుంది’ అనాలి.

పాతపుస్తకం: పగిలేది మీ తాళంచెవి. శ్లోకంలో మంత్రమంటే రాజుగారి ఆలోచన. మంత్రభేదమంటే అది పరులకు పొక్కడమే. శ్లోకం ఉన్నదే పంచతంత్రం మిత్రభేదంలో, ‘భిద్’ ధాతువును అంత తేలిగ్గా లాక్కుపోకండి.

సంధిప్రియ: తాళంచెవిలోనూ ఒక చెవి ఉంది. ఎవరూ లెక్కపెట్టరేం?

ఫిజిక్స్ మాస్టారు: 2021లో ఇస్రో అహ్మదాబాద్‌లో, రాత్రిపూట, 300 మీటర్ల దూరం గాలిలోనే ఇలాంటి తాళంచెవి పంపి, దానితో వీడియో సంభాషణ నడిపింది. గోడలకు చెవులుంటే ఉండనివ్వండి!

భారతాభిమాని: అవతల ఉన్నది మనవాడేనని ఎలా తెలుస్తుంది? భారతంలో విదురుడు పంపగా లక్క ఇంటికి సొరంగం తవ్వడానికి వచ్చిన ఖనకుడు ధర్మరాజుతో ‘విదురుడు మ్లేచ్ఛభాషలో ఏదో చెప్పాడు, నువ్వు సరేనన్నావు’ అని ఆనవాలు చెప్పుకోవలసివచ్చింది. వ్యాసుడికి తెలియనిది లేదు.

ఫిజిక్స్ మాస్టారు: ఒప్పుకున్నాను. అలాంటి ఆనవాలు మా వాళ్లకూ ముందుగానే ఉండాలి. లేకపోతే మధ్యవాడు ఇద్దరితోనూ వేషం వేస్తాడు.

పాతపుస్తకం: మ్లేచ్ఛభాషేమీ కాదు. అది గూఢార్థపు సంస్కృతమే.

భారతాభిమాని: మూలంలో ‘మ్లేచ్ఛవాచా’ అని స్పష్టంగా ఉంటే!

కందపద్యం: అయ్యా, నా ‘భిద్యతే’...

సంధిప్రియ: ఉండండి, ఈ మ్లేచ్ఛభాష సంగతి తేలనివ్వండి.